విడాకుల కేసు వేసే ముందు మరచిపోవలసిన సినిమా దృశ్యాలు

తెలుగు సినిమాలో విడాకులు సాధారణంగా ఒక కవరుతో మొదలవుతాయి. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని కవరు చేతికిస్తాడు, కథానాయిక దాన్ని చించి చూస్తుంది, కన్నీళ్లు తుడుచుకుని కాగితం అడుగున సంతకం చేస్తుంది, ఆ సంతకంతోనే పెళ్లి ముగిసిపోయినట్టు తరువాతి దృశ్యంలో అందరూ ప్రవర్తిస్తారు. మొదటిసారి వకీలు గుమ్మం ఎక్కే కక్షిదారులలో చాలామంది ఈ దృశ్యాన్నే మనసులో పెట్టుకుని వస్తారు. సినిమా కోర్టు మాటను నమ్ముకుంటుంది. అసలు కోర్టు కాగితాన్నీ తేదీనీ నమ్ముకుంటుంది. ఈ తేడా ఏ మెట్టు దగ్గర ఎలా ఎదురవుతుందో, అక్కడ ఏం చేయాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ చెప్పే విషయాలు ప్రధానంగా 1955 నాటి హిందూ వివాహ చట్టానికి సంబంధించినవి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ముస్లింలకు వారి వ్యక్తిగత ధర్మశాస్త్రంతో పాటు 1939 నాటి చట్టం, మతంతో నిమిత్తం లేకుండా రిజిస్ట్రారు ఎదుట ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి 1954 నాటి ఆ చట్టం వర్తిస్తాయి. గుడిలో పెళ్లి చేసుకుని తరువాత రిజిస్టరు చేయించుకున్నవారు తమ ధ్రువపత్రం ఏ చట్టం కింద ఇచ్చారో ముందుగా చదివి చూసుకోవాలి. ఒక్క ఊపిరిలో మూడుసార్లు తలాక్ చెప్పి పెళ్లి తెంచేసే పాత సినిమా దృశ్యానికి 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో చెల్లుబాటు పోయింది. 2019 చట్టం దాన్ని మూడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరంగా చేసింది.

కవరులో ఉన్నదేమిటి?

ఇంటికి వచ్చిన కవరులో మూడు రకాల కాగితాలలో ఏదైనా ఉండవచ్చు, ఒక్కొక్కదానికి చేయవలసిన పని వేరు. వకీలు పేరు అచ్చయిన కాగితం మీద, కోర్టు ముద్ర గాని కేసు నంబరు గాని లేకుండా వచ్చినది లాయర్ నోటీసు మాత్రమే. విడాకుల పిటిషన్ వేయడానికి ముందు అలాంటి నోటీసు ఇచ్చి తీరాలని చట్టం చెప్పలేదు. అది అందినందువల్ల వివాహ బంధానికి ఏమీ కాదు. అయినా దాన్ని చించిపారేయకూడదు. అందులోని ఆరోపణలకు మీరు ఇచ్చే సమాధానం రేపు కోర్టులో సాక్ష్యంగా గుర్తు వేసిన పత్రంగా మారవచ్చు కనుక, కోపం చల్లారాక, తేదీలు సరిచూసుకుని, వకీలు ద్వారానే జవాబు పంపాలి.

కోర్టు పేరు, ఓపీ (ఒరిజినల్ పిటిషన్) నంబరు, హాజరు కావలసిన వాయిదా తేదీ, కోర్టు ముద్ర ఉండి, వెనుక పిటిషన్ నకలు జత చేసి ఉంటే అవి సమన్లు. సినిమాలో కథానాయకుడు వీటిని ముక్కలు చేసి గాలిలోకి విసిరితే ప్రేక్షకులు ఈల వేస్తారు. కోర్టులో మాత్రం ఆయన గైర్హాజరును నమోదు చేసి, ఎక్స్‌పార్టీగా ప్రకటించి, అవతలివారి సాక్ష్యం ఒక్కటే విని డిక్రీ, అంటే కేసును తేల్చే కోర్టు ఉత్తర్వు, ఇవ్వవచ్చు. అలా వచ్చిన డిక్రీని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. సమన్లు సక్రమంగా అందనివారికి మాత్రం ఆ 30 రోజులు విషయం తెలిసిన నాటి నుంచి లెక్కకు వస్తాయి. సమన్ల మీద ఉన్న వివరాలతో, లేదా ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరుతో, ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు ఏ దశలో ఉందో ఎవరికి వారే చూసుకోవచ్చు. వకీలు చెప్పాడు, గుమస్తా చెప్పాడు అని ఊరుకోకుండా ప్రతి వాయిదాకు ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

మూడవది, ఇద్దరూ కలిసి వేయడానికి తయారు చేసిన ఉమ్మడి పిటిషన్ ముసాయిదా. సినిమాల్లో సంతకం పెట్టించేది దీని మీదే. దాని మీద సంతకం చేయడం అంటే కేసు వేయడానికి ఒప్పుకోవడమే తప్ప విడిపోవడం కాదు.

పెద్దమనుషుల ఎదుట స్టాంపు కాగితం మీద రాసుకునే తెగతెంపుల పత్రం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన పల్లెల్లో ఇప్పటికీ అది విడాకులతో సమానమనే నమ్మకం ఉంది, సినిమాలు రచ్చబండ తీర్పుతో ఆ నమ్మకాన్ని పెంచి పోషించాయి. ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కును హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడిన మాట నిజమే. కాని తమ కులంలో అలాంటి ఆచారం చాలాకాలంగా, నిర్దిష్టంగా అమలులో ఉందని సాక్ష్యంతో రుజువు చేయవలసిన బాధ్యత దాన్ని చెప్పుకునేవారిదే. రుజువు చేయలేకపోతే పాత పెళ్లి నిలిచే ఉన్నట్టు. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకున్నవారు ద్విభార్యాత్వ నేరం కింద ఏడేళ్ల వరకు శిక్ష పడగల కేసులో ఇరుక్కుంటారు. నోటరీ ముద్ర పడినా ఫలితంలో తేడా ఉండదు.

ఎవరు ఎవరికి ‘ఇస్తారు’?

‘నేను నీకు విడాకులు ఇవ్వను’ అనే సంభాషణ మన సినిమాల్లో విరామానికి ముందు వినిపించే మాట. నిజానికి తప్పు సంభాషణ రచయితది మాత్రమే కాదు, మన భాషలోనే ఆ క్రియాపదం అలా స్థిరపడింది: భర్త విడాకులు ఇచ్చాడు, భార్య విడాకులు తీసుకుంది అంటాం. చట్టంలో ఇచ్చేది కోర్టు ఒక్కటే. ఒకరు ఒప్పుకోనంత మాత్రాన రెండవవారి దారి మూసుకుపోదు. 13వ సెక్షన్‌లో చెప్పిన కారణాలలో ఒకటి రుజువు చేయగలిగితే ఒప్పుకోనివారి మీద కూడా డిక్రీ వస్తుంది. క్రూరత్వం, వ్యభిచారం, పిటిషన్ వేసే నాటికి రెండేళ్లకు తగ్గకుండా వదిలివేయడం, మతం మారడం, నయం కాని మతిస్థిమిత లోపం, ఏడేళ్లుగా జాడ తెలియకపోవడం వంటివి ఆ కారణాలు. కుష్ఠువ్యాధిని 2019లో ఈ జాబితా నుంచి తొలగించారు.

ఈ జాబితాలో ‘మా ఇద్దరికీ పడటం లేదు’ అన్నది లేదు. సరిదిద్దలేనంతగా బంధం చెడిపోయిందని చెప్పి విడాకులు మంజూరు చేసే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకు ఉందని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ అధికారం కుటుంబ న్యాయస్థానానికి లేదు. వార్తాపత్రికలో ఆ తీర్పు చదివి, జిల్లా కోర్టులోనూ అదే జరుగుతుందని ఆశించడం సినిమా చూసి ఆశించడం లాంటిదే.

కనుక ఒకరి అంగీకారం లేని కేసు వేయదలచినవారు వకీలు దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఒకటి ఉంది. పెళ్లి తేదీ, స్థలం, కాపురం పెట్టిన ఊళ్లు, విడిగా ఉండడం మొదలైన రోజు, ముఖ్యమైన ప్రతి సంఘటనకు తేదీ, అప్పుడు ఎవరు ఎదురుగా ఉన్నారు, దానికి ఏ కాగితం ఉంది అనే వివరాలతో వరుసక్రమంలో ఒక పట్టిక రాసుకోవాలి. పెళ్లి శుభలేఖ, ఫోటోలు, చిరునామా రుజువులు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దానికి జత చేసుకోవాలి. ‘నరకం చూపించాడు’, ‘రాచిరంపాన పెట్టింది’ అనే వాక్యాలతో నిండిన పిటిషన్ చదవడానికి బరువుగా ఉంటుంది గాని ఎదుటి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఏ రోజు? ఎక్కడ? ఎవరు చూశారు?’ అనే మూడు ప్రశ్నలకు తట్టుకోదు. నాలుగు సంఘటనలు తేదీలతో రాసిన రెండు పేజీల పిటిషన్ నలభై పేజీల ఆక్రోశం కంటే గట్టిగా నిలబడటం కోర్టులో తరచుగా కనిపించే విషయం.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పెళ్లి జరిగిన చోట, ఇద్దరూ చివరిగా కలిసి నివసించిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట, భార్య వేస్తే ఆమె ప్రస్తుతం నివసించే చోట వేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉన్న ప్రాంతంలో అక్కడే. లేని చోట అధికార పరిధి గల సివిల్ కోర్టులో, సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఆరు నెలలు కలిసి ఉండమని ఏ జడ్జీ చెప్పడు

సినిమాలు చేసిన తప్పులలో కథకులకు అన్నిటికంటే ఎక్కువ అన్నం పెట్టినది ఇది. ఒకరి ముఖం ఒకరు చూడలేని దంపతులు కోర్టుకు వస్తారు. కళ్లజోడు సవరించుకుంటూ న్యాయమూర్తి, ‘ఆరు నెలలు ఒకే ఇంట్లో కలిసి ఉండండి, అప్పటికీ వద్దనుకుంటే చూద్దాం’ అంటారు. అక్కడి నుంచి వంటింటి తగాదాలు, జ్వరం వచ్చిన రాత్రి సేవ, వర్షంలో పాట, చివరి వాయిదాకు పరుగు. చట్టంలో ఉన్నది దీనికి దాదాపు వ్యతిరేకం.

1976లో చేర్చిన 13బీ సెక్షన్ ప్రకారం, పరస్పర అంగీకారంతో విడిపోదలచినవారు పిటిషన్ వేసే నాటికి కనీసం ఒక సంవత్సరం విడివిడిగా ఉండి ఉండాలి. అంటే కలిసి ఉండడం కాదు, విడిగా ఉండడమే అర్హత. అద్దె భారం వల్లనో పిల్లల కోసమో ఒకే ఇంట్లో ఉంటూ భార్యాభర్తలుగా జీవించనివారు కూడా విడిగా ఉన్నట్టే లెక్కకు వస్తారు. మొదటి విడత పిటిషన్ వేసిన తరువాత ఆరు నెలల విరామం ఉంటుంది. ఆరు నెలలు దాటాక, 18 నెలల లోపు, ఇద్దరూ రెండవ విడత హాజరై తమ నిర్ణయం మారలేదని చెప్పాలి. ఆ విరామం పునరాలోచన కోసం ఇచ్చిన వ్యవధి. ఆ కాలంలో ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో కోర్టు పట్టించుకోదు. కౌన్సెలింగ్‌కో మీడియేషన్‌కో పిలిపించడం, రాజీకి అవకాశం ఉందేమో ప్రయత్నించడం న్యాయస్థానం విధి. ఒకే కప్పు కింద కాపురం ఉండమని శాసించడం విధి కాదు.

ఆ ఆరు నెలలు తప్పనిసరి కూడా కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిగా ఉండవలసిన ఏడాదీ, విరామపు ఆరు నెలలూ కలిపిన కాలం మొదటి విడతకు ముందే గడిచిపోయి, రాజీ ప్రయత్నాలన్నీ విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ, ఇతర లావాదేవీలు నిజంగా పరిష్కారమై ఉంటే, వ్యవధిని మాఫీ చేయమని మొదటి విడత అయిన వారం తరువాత దరఖాస్తు వేసుకోవచ్చు. మాఫీ చేయాలా వద్దా అన్నది న్యాయమూర్తి విచక్షణ. ఈ దరఖాస్తు వేసేవారు విడిగా ఉన్న కాలానికి అద్దె ఒప్పందం, ఉద్యోగ బదిలీ ఉత్తర్వు వంటి రుజువులు చూపడం మేలు.

ఒక జాగ్రత్త మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చని 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అందువల్ల మొదటి విడత రోజే మొత్తం డబ్బు చెల్లించేయడం, లేదా రెండవ విడత తరువాత చూద్దామని ఏమీ తీసుకోకుండా సంతకం చేయడం రెండూ ప్రమాదమే. ఏ విడతలో ఎంత, డిమాండ్ డ్రాఫ్టు రూపంలో ఎవరి పేరిట, నగలు ఏ రోజు ఎవరి సమక్షంలో తిరిగి ఇవ్వాలి, పరస్పరం పెట్టుకున్న కేసులు ఎప్పుడు ముగించుకోవాలి అన్నవన్నీ ఒప్పంద పత్రంలో రాయించాలి. క్రిమినల్ కేసు రాజీ పత్రంలో రాసినంత మాత్రాన మూతపడదు. దానికి తగిన కోర్టు నుంచి ఉత్తర్వు వేరుగా పొందాలి.

ఏడాది కాంట్రాక్టు పెళ్లి చేసుకుని, విడాకుల కాగితాల మీద ముందే సంతకాలు పెట్టుకునే కథలకు చట్టంలో చోటే లేదు. పెళ్లయిన ఏడాది లోపు విడాకుల పిటిషన్ వేయడానికి అసాధారణమైన కష్టం చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ముందే కుదుర్చుకున్న విడిపోయే ఒప్పందం ప్రజా విధానానికి విరుద్ధం గనుక చెల్లదు.

కాపురానికి రమ్మనే కేసు

సినిమాలు అరుదుగా ముట్టుకునే కేసు ఒకటుంది. విడిచి వెళ్లిన భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని ఆదేశించమంటూ 9వ సెక్షన్ కింద వేసే పిటిషన్ అది. ఈ సెక్షన్ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం మన హైకోర్టులోనే నడిచింది, అదీ ఒక సినీనటి కేసులో. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, ఒక మనిషిని ఇష్టం లేని సహజీవనానికి నెట్టే ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది వేరొక కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. ఎంత డిక్రీ వచ్చినా పోలీసులు చేయి పట్టుకుని తీసుకొచ్చి అత్తగారింట్లో దింపరు. పైగా ఆ డిక్రీ తరువాత ఏడాదిపాటు కాపురం కలవకపోతే, అదే కారణంగా ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. నిజంగా కలవాలనుకుని ఈ కేసు వేసేవారు, అది విడాకులకు మెట్టుగా కూడా మారగలదని గ్రహించి వేయాలి.

హాలులో ఏం జరుగుతుంది?

భారతీయ న్యాయమూర్తులు సుత్తి కొట్టరు, ‘ఆర్డర్ ఆర్డర్’ అనరు, బోనులో ఎవరి చేతా భగవద్గీత పట్టించరు. 1969 నాటి ప్రమాణాల చట్టం నిర్దేశించిన మాటలతో ప్రమాణం చేయిస్తారు. ఇరు పక్షాల బంధుజనం కిక్కిరిసిన హాలు కూడా ఉండదు. ఇద్దరిలో ఎవరు కోరినా గోప్యంగా విచారణ జరపాలి, అనుమతి లేకుండా ఆ వివరాలు ప్రచురించకూడదు. బంట్రోతు పేరు పిలుస్తాడు, హాజరు చెబుతారు, కౌంటర్ (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబు) కోసమో సాక్ష్యం కోసమో మరో తేదీ పడుతుంది, చాలా రోజుల్లో పని అంతే. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టమే అంటోంది. ఆచరణలో సమన్ల దగ్గరే నెలలు గడుస్తాయి. కనుక ఎదుటివారి సరైన చిరునామా సంపాదించడం మొదటి రోజు చేయవలసిన పనులలో ఒకటి.

వాదనలో గొంతు పెంచే వకీలును ఎంచుకోవడం సినిమా నేర్పిన మరో అలవాటు. కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984 ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతి కావాలి. ఆచరణలో ఆ అనుమతి దొరుకుతుంది. సాక్ష్యం ముఖ్యంగా అఫిడవిట్ (ప్రమాణ పత్రం) రూపంలో దాఖలవుతుంది, దాని మీదే క్రాస్ జరుగుతుంది. అంటే మీ గొంతు కంటే ముందు మీ అఫిడవిట్ మాట్లాడుతుంది. తెలియని భాషలో రాసిన దాని మీద, తెలుగులో చదివి వినిపించుకోకుండా సంతకం పెట్టకండి. చివరి నిమిషంలో పెన్‌డ్రైవ్ పట్టుకుని తలుపు తోసుకు వచ్చే సాక్షి గురించి అయితే, పత్రాల జాబితా పిటిషన్‌తోనే దాఖలు చేయాలి, తరువాత తెచ్చే వాటికి అనుమతి అడగాలి, ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి. భార్యాభర్తలు రహస్యంగా రికార్డు చేసుకున్న సంభాషణలు వైవాహిక వ్యాజ్యాలలో సాక్ష్యంగా స్వీకరించదగినవేనని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఫోనులో తిట్టే ముందు ఇద్దరూ ఆలోచించుకోవాలి.

డబ్బు, నగలు, పిల్లలు

‘ఆస్తిలో సగం రాయించుకుని పోతుంది’ అన్నది విదేశీ చిత్రాల నుంచి మన సంభాషణలలోకి దిగుమతి అయిన మాట. విడాకులతో భర్త ఆస్తిలో సగం భార్యకు వచ్చే పద్ధతి మన దేశంలో లేదు. ఉన్నవి భరణం హక్కులు. కేసు నడిచే కాలానికి 24వ సెక్షన్ కింద, శాశ్వత భరణం 25వ సెక్షన్ కింద అడగవచ్చు. ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. మొత్తానికి స్థిరమైన సూత్రం లేదు. ఇరువురూ ఆదాయం, ఆస్తులు, అప్పులు వెల్లడిస్తూ అఫిడవిట్ వేయాలని, భరణం దరఖాస్తు తేదీ నుంచి లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. కనుక భరణం అడగవలసినవారు ఆలస్యం చేయకపోవడం మంచిది. ఇవ్వవలసినవారు జీతం దాచాలని చూడకపోవడం ఇంకా మంచిది. పుట్టింటివారు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద రాసిన పొలం, సారె సామాను స్త్రీధనం. అది భరణంలో భాగం కాదు. బిల్లులు, పెళ్లి ఫోటోలు ఆధారంగా నగల జాబితా ముందే తయారు చేసుకోవాలి.

పిల్లవాణ్ణి నిండు కోర్టులో నిలబెట్టి ‘అమ్మ కావాలా, నాన్న కావాలా?’ అని అడిగే దృశ్యం మాత్రం మరచిపోవడమే కాదు, ఇంట్లో కూడా ఆడకూడదు. పిల్లల అభిప్రాయం తెలుసుకోవలసి వస్తే న్యాయమూర్తి సాధారణంగా తన ఛాంబరులో మాట్లాడతారు. ఐదేళ్ల లోపు బిడ్డ సంరక్షణ సాధారణంగా తల్లిదే. ఏ వయసులోనైనా బిడ్డ క్షేమమే ప్రమాణం. ఒకరి దగ్గర ఉంచినా రెండవవారికి చూసే రోజులు నిర్ణయిస్తారు, పరిస్థితులు మారితే ఉత్తర్వు మార్చమని అడగవచ్చు.

అమెరికా డిక్రీ, రెండో పెళ్లి

విదేశాలలో ఉండే తెలుగువారికి ఒక కేసు తప్పక తెలియాలి. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన తరువాత అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నారు. బంధం సరిదిద్దలేనంతగా చెడిపోయిందన్నది ఆ డిక్రీకి కారణం. అది హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడలేదు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఆ కోర్టు అధికారాన్ని అంగీకరించి పొందిన డిక్రీ పరిస్థితి వేరు. ఒక పక్షమే అక్కడ కేసు వేసినప్పుడు రెండవవారు మౌనంగా ఉండాలా, హాజరు కావాలా అన్నది ఇక్కడి వకీలును సంప్రదించాకే తేల్చుకోవాలి.

తీర్పు చదివిన సాయంత్రమే పెళ్లి మండపం సిద్ధం చేసే ముగింపు కూడా చట్టానికి సరిపడదు. వ్యతిరేకించిన కేసులో డిక్రీ వచ్చినా, అప్పీలు గడువు ముగిసేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా, మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. ఆ గడువు హిందూ వివాహ చట్టంలో 90 రోజులు, కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులు అని రాసి ఉంది. 90 రోజులు ఆగి, అప్పీలు దాఖలు కాలేదని హైకోర్టు కేసుల వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే ముందుకు వెళ్లడం క్షేమం. తీర్పు వచ్చిన రోజునే కాపీ అప్లికేషన్ వేసి, తీర్పుకూ డిక్రీకీ కనీసం రెండేసి సర్టిఫైడ్ నకళ్లు తీసుకోండి; పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు తొలగించడానికి, బ్యాంకు నామినీ మార్చడానికి, రేపు మరో పెళ్లి రిజిస్టరు చేయించడానికి అడిగేది వాటినే, అందులో ఒకటి ఎప్పుడూ ఇంటి బీరువాలో ఉండాలి.